కొత్త బంతి ఎవరి చేతికి?

క్రీడలను గురించి వ్రాయడం తెలుగు అధ్యాపకుని పని కాదని మిత్రులు కొందరు అనవచ్చు. గురులఘువులు లెక్కించేవారికి ఓవర్ల లెక్క ఎందుకని అడుగవచ్చు. కాని కళాశాల అంటే తరగతి గదుల వరుస మాత్రమే కాదు. ఉదయం పద్యం అప్పజెప్పిన గొంతే సాయంకాలం మైదానంలో ఔటు కోసం కేక వేస్తుంది. ఆ రెండు గొంతులనూ విన్నవారికే విద్యార్థి సమగ్రంగా అర్థమవుతాడు. మా కళాశాల క్రీడాసంఘంలో మేము సభ్యత్వం వహిస్తూ రెండేండ్లు గడిచాయి. ఈ పర్యాయం అంతర్ కళాశాలల క్రికెట్ పోటీలకు ముందుగా మన జట్టు బౌలింగు బలాన్ని అంచనా వేసి ఒక నివేదిక ఇవ్వవలసిందని వ్యాయామ అధ్యాపకులు మమ్ము కోరారు. ఆ నివేదిక రెండు పుటలలో ముగిసింది. దాని వెనుక మేము చేసిన ఆలోచన అంతకంటె పెద్దది. దానిని పాఠక మిత్రుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదట బౌలింగునే ఎందుకు పరిశీలించాలి? పరుగులు చేసేవానికి చప్పట్లు, బంతి వేసేవానికి చెమట అన్నది లోకరీతి. ఐనా ఆటకు పునాది వేసేది బౌలరే. 2024 ఫిబ్రవరిలో ఇండోర్‌లో జరిగిన రంజీ ట్రోఫీ క్వార్టర్ ఫైనల్ ఇందుకు తార్కాణం. మధ్యప్రదేశ్ జట్టును మన ఆంధ్ర బౌలర్లు రెండవ ఇన్నింగ్సులో 107 పరుగులకే పడగొట్టారు. గెలుపుకు కావలసినవి 170 పరుగులు. ఆంధ్ర జట్టు 165 వద్ద ఆగిపోయింది. నాలుగు పరుగుల తేడాతో ఓటమి. ఈ ఉదంతం మనకు రెండు సంగతులు చెబుతున్నది. బౌలర్లు జట్టును విజయద్వారం వరకు తీసుకొని పోగలరు. తలుపు తీయవలసింది ఇతరులు. ఐతే బౌలర్లు లేని జట్టుకు ఆ ద్వారమే కనబడదు.

మన పోటీల నియమం ప్రకారం ఒక్కొక్క జట్టుకు 40 ఓవర్లు. ఒక బౌలరు 8 ఓవర్లకు మించి వేయరాదు. అనగా ఎంతటి మేటి బౌలరు ఉన్నా, కనీసం ఐదుగురు లేనిదే లెక్క పూర్తి కాదు. మొదటి ఆట నుండి చివరి ఆట వరకు నాలుగు రోజులు వరుసగా నాలుగు ఆటలు. ఓడినవారు ఇంటికి పోవలసిందే. ఈ లెక్కను మనస్సులో ఉంచుకొని మన జట్టును చూచినప్పుడు, నమ్మదగినవారు ముగ్గురు కనిపించారు. మూడెనిమిదులు ఇరవై నాలుగు. మిగిలిన 16 ఓవర్లు ఎవరివి? మా నివేదికకు ఇదే అసలు ప్రశ్న అయింది.

ఈ సందర్భంలో మా పూర్వ విద్యార్థి ఒకడు చెప్పిన ముచ్చట గుర్తుకు వస్తున్నది. అతడు ఉద్యోగరీత్యా అమెరికాలో ఉన్నాడు. అక్కడ బేస్‌బాల్ అనే ఆటకు మన క్రికెట్‌కు ఉన్నంత ఆదరణ ఉన్నది. బంతి విసరేవానిని పిచ్చర్ అంటారు. అతడు నిలిచే చోటు నుండి బ్యాటు పట్టినవాని ముందున్న పలక వరకు 60 అడుగుల 6 అంగుళాలు. ఈ కొలత 1893 నుండి మారలేదు. మన పిచ్ పొడవు 66 అడుగులు గనుక రెండూ ఇంచుమించు దగ్గరివే. అక్కడి పెద్ద పోటీలలో ప్రతి జట్టు ఏడాదికి 162 ఆటలు ఆడుతుంది. ఒక్కడే అన్ని ఆటలకూ బంతి విసరలేడు. కావున ఆట ప్రారంభించే పిచ్చర్లను ఐదుగురిని ఎన్నుకొని వంతుల ప్రకారం దింపుతారు. ఇవాళ విసిరినవాడు నాలుగు రోజులు విశ్రాంతి తీసుకొని ఐదవనాడు మళ్ళీ వస్తాడు. నూరు బంతులు దాటేసరికి శిక్షకుని చూపు అతని భుజం మీద పడుతుంది. ప్రతి వసంతంలోనూ ఆటల ఋతువు మొదలు కాకముందే ఆ ఐదుగురిని గురించి ఊరంతా చర్చ జరుగుతుందట. మొదటివాడెవడు, ఐదవవాడు నిలబడగలడా, ఒకనికి దెబ్బ తగిలితే ఆరవవాడున్నాడా అని.

ఈ ముచ్చటలో మమ్ము ఆకర్షించింది ఆ ఆట కాదు, అందులోని వివేకం. వారు ప్రతిభను లెక్కిస్తారు, దానితోపాటు అలసటనూ లెక్కిస్తారు. ఆ వివేకం వారికి ఊరక రాలేదు. ఎందరో పిచ్చర్ల మోచేతులు చెడిన తరువాత వచ్చింది. 1974లో టామీ జాన్ అనే పిచ్చర్‌కు ఫ్రాంక్ జోబ్ అనే వైద్యుడు మోచేతిలోని తెగిన సంధి బంధాన్ని మార్చి శస్త్రచికిత్స చేశాడు. ఆ చికిత్సకు నేటికీ ఆ ఆటగాని పేరే నిలిచి ఉన్నది. ఒక ఆటలో శస్త్రచికిత్సకు ఆటగాని పేరు పెట్టవలసి వచ్చిందంటే, ఆ గాయం ఎంత సాధారణమో ఊహించవచ్చును.

ఇక మన నేలను చూద్దాం. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ ఒకే రైలు దారి మీద ఉన్నాయి. మన జట్టులోని పిల్లలలో సగం మంది ఆ రైలులోనే కళాశాలకు వస్తారు. మూడు చోట్లా నేల ఎర్రనిది, గులకలు కలిసినది. పచ్చిక తక్కువ. కొత్త బంతి పది ఓవర్లకే మెరుపు కోల్పోతుంది. మెరుపు ఒక ప్రక్క నిలిచి మరొక ప్రక్క గరుకెక్కినప్పుడే బంతి గాలిలో వంపు తిరుగుతుంది. రెండు ప్రక్కలూ గీచుకొని పోతే ఆ వంపు ఉండదు. కనుక మన మైదానాలలో కొత్త బంతి ఆయువు చిన్నది. పిచ్ మీద పరిచే కొబ్బరి పీచు చాప వలన బంతి ఎత్తుగా లేస్తుంది, స్పిన్ బాగా తిరుగుతుంది. చాప మీద గొప్ప బౌలరు ఏమి చేయగలడో 1952లో లక్నోలో పాకిస్తాన్ బౌలరు ఫజల్ మహమూద్ చూపించాడు. జనపనార చాప మీద ఆడిన ఆ టెస్టులో అతడు 12 వికెట్లు తీశాడు. ఐతే చాపకు అలవాటు పడిన పిల్లవాడు పచ్చిక పిచ్ మీదికి వెళితే తన బంతి ఎందుకు లేవడం లేదో తెలియక తబ్బిబ్బు పడతాడు.

పోటీల చివరి ఆటలు పచ్చిక పిచ్ మీద జరుగుతాయి కనుక ఇది మనకు ముఖ్యం. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ ఆటలు అనంతపురం ఆర్.డి.టి. మైదానంలో జరిగినప్పుడు ఒక ఆటలో ఎడమచేతి స్పిన్నరు మానవ్ సుతార్ 49 పరుగులకు 7 వికెట్లు తీశాడు. తరువాతి వారం అక్కడే పేస్ బౌలరు అంశుల్ కాంబోజ్ 69 పరుగులకు 8 వికెట్లు తీశాడు. మన సీమ నేల వేగానికీ, స్పిన్‌కూ సమానంగా ఫలితమిస్తుందనీ, ఓపికగా ఒకేచోట బంతి వేసేవానిని అది మోసం చేయదనీ మేము గ్రహించాము.

ఇప్పుడు మన బౌలర్ల వద్దకు వస్తాము. పేర్లు వ్రాయడం లేదు. చదువరులు గుర్తుపట్టక మానరు, ఐనా పేరు అచ్చులో పడితే పొగడ్త భారం అవుతుంది, విమర్శ గాయం అవుతుంది.

మొదటివాడు ధర్మవరం నుండి వచ్చే కుర్రవాడు. డిగ్రీ రెండవ సంవత్సరం. వేగంలో మన కళాశాలకే కాదు, చుట్టుప్రక్కల కళాశాలలకు కూడా ఇతనికి సాటి లేదు. పరుగు పొడవైనది కాదు. బలమంతా నడుము మలుపులో, భుజంలో ఉన్నది. బంతి బ్యాటు పట్టినవాని ఛాతీ మీదికి లేస్తుంది. లోపం ఏమిటంటే, కోపం వస్తే బంతి పొట్టిగా పడుతుంది. అలసిన తరువాత ఎడమ కాలు పక్కకు జారి, దేహం వంకర తిరుగుతుంది.

రెండవవాడు పెనుకొండవాడు. వేగం మధ్యమం. చూడగానే ఎవరూ భయపడరు. కాని బంతి కుట్టును నిలువుగా పట్టి విడువడంలో అతనికి ఉన్న నేర్పు మరెవరికీ లేదు. శీతకాలం ఉదయం, కొండ మీది నుండి చల్లగాలి దిగే వేళ అతని బంతి చివరి క్షణంలో బయటికి జరుగుతుంది. మెరుపు పోయిన తరువాత మాత్రం అతడు సామాన్యుడే. కావున అతనికి కొత్త బంతి ఇవ్వకపోవడం వెన్నెలను పగటిపూట వెదకడం వంటిది. ఇంతవరకు అతనికి పదవ ఓవరు తరువాతనే బంతి అందుతూ వచ్చింది.

మూడవవాడు హిందూపురం కుర్రవాడు, ఎడమచేతి స్పిన్నరు. చింతపండు మండీలో లెక్కలు వ్రాసే ఇంటివాడు గనుకనో ఏమో, పరుగులు ఇవ్వడంలో కడు పొదుపరి. ఒకే చోట, ఒకే పొడవున బంతి వేస్తాడు. ఎత్తుగా వదలడానికి జంకుతాడు. సిక్సరు కొడతారన్న భయం. అతనికి మేము ఒక ఉదాహరణ చూపాము. మన పక్క అనంతపురం జిల్లాకు చెందిన బారెడ్డి అనూష ఎడమచేతి స్పిన్ బౌలరుగానే ఎదిగి 2023 జూలైలో బంగ్లాదేశ్‌లో భారత మహిళల జట్టు తరఫున ఆడింది. ఇదే ఎండ, ఇదే నేల. ధైర్యం ఒక్కటే నేర్వవలసి ఉన్నది.

నాలుగవ, ఐదవ స్థానాలు ఖాళీ. ఒక మొదటి సంవత్సరం విద్యార్థి లెగ్‌స్పిన్ వేస్తాడు. ఓవరుకు ఒక అద్భుతమైన బంతి, రెండు చెత్త బంతులు. మరొకడు మన కీపరుకు బదులు అప్పుడప్పుడు చేయి తిప్పే బ్యాట్స్‌మన్. వీరిద్దరి మీద 16 ఓవర్లు పెట్టడం సాహసమని కెప్టెను భావించాడు. వారి ఓవర్లు ఎట్లాగూ తప్పవు గనుక, ఆ లోటును పూడ్చడానికి ధర్మవరం కుర్రవాడు నాలుగు రోజులూ తన 8 ఓవర్లూ ఒకే ఊపులో ఆరంభంలోనే వేసి ఎదుటి జట్టును విరిచివేయాలన్నది అతని వ్యూహం.

వినడానికి ఈ వ్యూహం బాగున్నది. నాలుగెనిమిదులు ముప్పది రెండు ఓవర్లు. పద్దెనిమిదేండ్ల వయస్సుకు అంత ఎక్కువ కాదనిపించవచ్చు. కాని స్కోరు పుస్తకంలో పడేవి ఆటలో వేసిన బంతులు మాత్రమే. దేహం అన్ని బంతులనూ లెక్కించుకుంటుంది. ఒక వారం రోజులు మేము చిన్న నోటుపుస్తకం పట్టుకొని ఆ కుర్రవాని బంతులన్నీ లెక్కించాము. ఉదయం నెట్స్‌లో, సాయంకాలం నెట్స్‌లో, ఆదివారం ఊరిలో పందెపు టెన్నిస్ బంతి ఆటలలో మొత్తం 540 బంతులు. అనగా 90 ఓవర్లు.

ఈ అంకె ఎంత పెద్దదో తెలియాలంటే పోలిక కావాలి. 1950-51 రంజీ పోటీలలో హోల్కర్ జట్టుపై హైదరాబాదు ఆఫ్‌స్పిన్నరు గులాం అహ్మద్ ఒకే ఇన్నింగ్సులో 92.3 ఓవర్లు వేశాడు. 555 బంతులు. దేశంలో నేటికీ ఆశ్చర్యంతో చెప్పుకొనే శ్రమ అది. ఐతే ఆయన నాలుగడుగులు నడిచి వేసే స్పిన్ బౌలరు. మన కుర్రవాడు ప్రతి వారమూ ఇంచుమించు అన్ని బంతులు వేగంగా పరుగెత్తి వేస్తున్నాడు. 2025లో ఇంగ్లండులో ఐదు టెస్టులూ ఆడిన మహమ్మద్ సిరాజ్ ఆ ఆరు వారాల పైచిలుకు కాలంలో ఆటలలో వేసినవి 185.3 ఓవర్లు. ఇంగ్లండు క్రికెట్ మండలి పందొమ్మిదేండ్ల లోపు వేగపు బౌలర్లకు విడతకు 7 ఓవర్లు, రోజుకు 18 ఓవర్లు అన్న హద్దును చాలాకాలం పాటించింది. ఎదిగే వయస్సులో వెన్నెముక దిగువ భాగం ఇంకా గట్టిపడదు. ఒకే మలుపు వేలసార్లు తిరిగితే అక్కడ సన్నని పగులు ఏర్పడుతుంది. జస్‌ప్రీత్ బుమ్రా వంటి మేటి బౌలరు కూడా వెన్ను గాయంతో 2022 ప్రపంచ టీ20 పోటీలకు దూరమై, 2023 మార్చిలో శస్త్రచికిత్స చేయించుకోవలసి వచ్చింది.

ఈ కుర్రవానికి మరొక భారం కూడా ఉన్నది. ఇంటిలో గుంట మగ్గం ఉన్నది. తండ్రికి చూపు మందగించినందున రాత్రిపూట నాడె విసరేది ఇతడే. మాఘ, ఫాల్గుణ మాసాలు పెండ్లిండ్ల కాలం. పట్టుచీరలకు గిరాకీ అప్పుడే. మన పోటీలూ అప్పుడే. పగలు నడుము వెనుకకు విరిచి బంతి వేస్తాడు. రాత్రి నడుము ముందుకు వంచి పేక నేస్తాడు. ఒకనాడు ప్రాక్టీసు ముగిసిన తరువాత అతడు నేల మీద వెల్లకిల పడుకొని మోకాళ్ళు పొట్టకు ఆనించుకొనడం చూచాము.

“ఏమప్పా, నడుము నొప్పా?” అని అడిగాము.

“మగ్గం గుంతలో కూచునేవానికి నడుము నొప్పి కొత్తేం గాదు సార్,” అన్నాడు నవ్వుతూ.

వైద్యునికి చూపించాము. ఎముకకు హాని లేదనీ, కండరాలు అలసి ఉన్నాయనీ, ఇదే తీరున సాగితే ముందు ప్రమాదమనీ ఆయన చెప్పారు. రెండవ ఆటలో నీకు విశ్రాంతి ఇద్దామనుకుంటున్నామని చెప్పినప్పుడు కుర్రవాని ముఖం మారింది.

“వద్దు సార్. నాలుగు మ్యాచులూ నేనే వేస్తా. నన్ను చూసేవాళ్ళు ఏ దినం వస్తారో ఎవరికి తెలుసు సార్? వాళ్ళు వచ్చిన దినమే నేను బయట కూచోని ఉంటే ఎట్ల?”

ఆ మాటకు సమాధానం చెప్పడం సులభం కాదు. జిల్లా జట్టును ఎన్నుకొనేవారు ఏ ఆట చూస్తారో ముందుగా చెప్పరు. మగ్గం మీది నుండి లేవడానికి అతనికి కనిపించే ఏకైక మార్గం ఆ బంతి. దానిని మా చేతులతో లాక్కొన్నట్లు అతనికి తోచడం సహజమే.

ఉర్దూ విభాగపు మిత్రులు కూడా మాతో వాదించారు. “భాయీ సాబ్, ఆట గెలిచేది అంకెలతో కాదు, గుండెతో. సిరాజ్‌ను చూడండి. ఆటో నడిపిన తండ్రి కొడుకు. ఐదు టెస్టులూ ఆడి, ఓవల్‌లో చివరి ఉదయం 6 పరుగుల తేడాతో దేశాన్ని గెలిపించలేదా?” అన్నారు. ఆ మాట నిజమే. 2025 ఆగస్టు 4న ఆ చివరి వికెట్ పడినప్పుడు మేమూ లేచి నిలబడి చప్పట్లు కొట్టినవారమే. కాని సిరాజ్ అప్పటికి ముప్పది దాటిన, కండలు గట్టిపడిన పురుషుడు. అతని ప్రతి బంతినీ లెక్కించే శిక్షకులు, ప్రతి రాత్రీ కండరాలను సరిచేసే నిపుణులు అతని వెంట ఉన్నారు. మన కుర్రవాని వెంట ఉన్నది ఒక నొప్పి తైలం సీసా. గుండె ఇద్దరికీ ఒక్కటే కావచ్చు; ఆ గుండెను మోసే దేహానికి దొరికే సంరక్షణ ఒక్కటి కాదు. ఆ సంరక్షణ ఇవ్వలేనివారమైనప్పుడు కనీసం భారమైనా తగ్గించాలి.

పద్యంలో యతి అంటే విరామస్థానం. ఉత్పలమాలకు పదవ అక్షరం వద్ద, చంపకమాలకు పదకొండవ అక్షరం వద్ద ఆ స్థానం నియతమై ఉన్నది. యతి తప్పిన పద్యాన్ని ఎంత గొప్ప భావం ఉన్నా పండితులు అంగీకరించరు. బౌలరుకు విశ్రాంతి కూడా అట్టిదే. దానిని ముందుగానే స్థానం చూచి అమర్చాలి. అలసిన తరువాత ఇచ్చేది విశ్రాంతి కాదు, చికిత్స.

కనుక మా నివేదికలో ఈ విధంగా సూచించాము. కొత్త బంతి ఒక కొస నుండి పెనుకొండ కుర్రవానిది. మరొక కొస నుండి ధర్మవరం కుర్రవాడు. మొదటి ఆటలో 5 ఓవర్లు మాత్రమే. రెండవ ఆటలో అతడు జట్టులో ఉంటాడు, ఫీల్డింగు చేస్తాడు, బంతి ముట్టడు. మూడవ, నాలుగవ ఆటలలో 8 ఓవర్ల చొప్పున, ఐదు మూడుగా రెండు విడతలలో. మొత్తం 32కు బదులు 21 ఓవర్లు. అప్పటివరకు నెట్స్‌లో వారానికి 240 బంతులకు మించరాదు. ఆదివారపు పందెపు ఆటలు నెల రోజులు మానుకోవాలి. లెగ్‌స్పిన్ వేసే మొదటి సంవత్సరం విద్యార్థికి ఇప్పటి నుండే రోజూ 6 ఓవర్లు, చాప తీసివేసిన నేల మీద. అతడు నేర్చుకొనడానికి మనకు నెల రోజుల వ్యవధి ఉన్నది.

“రెండో ఆట ఓడితే మూడోది యాడిది సార్?” అని కెప్టెను అడిగాడు. న్యాయమైన ప్రశ్న. రెండవ ఆట ఓడే ప్రమాదం ఉన్నది. ఓడితే ఆ కుర్రవాడు ఎవరి కంటా పడకుండానే ఈ ఏడు గడిచిపోవచ్చు. పందెపు ఆటలు మానితే ఆదివారం ఇంటికి చేరే కొద్దిపాటి డబ్బు కూడా ఆగిపోతుంది. ఈ నష్టాలను దాచకుండా నివేదికలోనే వ్రాశాము. రాత్రి మగ్గం మానుమని చెప్పే అధికారం మాకు లేదు. ఆ మాట వ్రాయలేదు. ఒక కప్పు ఒక ఏడాది అల్మారాలో ఉంటుంది. వెన్నెముక అరవై ఏండ్లు మనిషిని నిలబెట్టాలి. అతడు రేపు ఆటగాడైనా, నేతగాడైనా, గుమస్తా అయినా ఆ వెన్నుతోనే బ్రతకాలి. ఈ తూకంలో మాకు సందేహం కలుగలేదు.

వ్యాయామ అధ్యాపకులు నివేదికను ఆమోదించారు. నోటుపుస్తకంలో రోజూ బంతుల లెక్క వ్రాసే బాధ్యతను లెగ్‌స్పిన్ కుర్రవాడు తీసుకున్నాడు. ధర్మవరం కుర్రవాడు మొదటి వారం మాతో సరిగా మాట్లాడలేదు. రెండవ వారంలో, 240 పూర్తయిన రోజున, తానే బంతిని పెనుకొండ కుర్రవాని చేతిలో పెట్టి, కుట్టు ఎట్లా పట్టాలో చూపుమని అడిగాడు. వేగం ఉన్నవానికి వంపు కూడా తెలిస్తే, తక్కువ బంతులతో ఎక్కువ పని చేయగలడు.

ఈ సంచిక మీ చేతికి అందేసరికి పోటీలు ముగిసి ఉంటాయి. ఫలితం ఏదైనా, ఆ నాలుగు రోజులూ మైదానానికి వచ్చి కూర్చోండి అని విద్యార్థులను ముందుగానే కోరాము. ముఖ్యంగా రెండవ ఆటకు రమ్మన్నాము. మన ఐదవ బౌలరుకు చప్పట్లు ఎక్కువ అవసరమయ్యేది ఆ రోజే.